రెండో మూలుగు

రిపోర్టు పదకొండు పేజీలు. పది పేజీల దాకా ఆమె టీ తాగుతూ తీరిగ్గా చదివింది. పదకొండో పేజీ రెండో పేరా చదవగానే కప్పును ఎంత విసురుగా పెట్టిందంటే, టీ చింది కీబోర్డు మీద పడింది. తుడవలేదు.

"ఫ్యాను రూపకల్పనలో గాని, గాలి ఒత్తిళ్ళ లెక్కల్లో గాని లోపమేదీ లేదు. రెక్క విరగడానికి కారణం బిగింపుల నిర్వహణలో అశ్రద్ధ." కింద ఆమె సంతకం కోసం చుక్కల గీత.

బిగింపుల నిర్వహణ అంటే ఏదో శాఖ అనుకునేరు. ఒక మనిషి. గాజు కార్ఖానాలో పద్దెనిమిదేళ్ళుగా ఫిట్టరు పని చేస్తున్న మనిషి. ఆమెకు స్వయానా అక్క మొగుడు.

మూడు వారాల కిందట ఆ కార్ఖానాలో కొలిమి పొగను లాగి చిమ్నీలోకి తోసే పెద్ద ఫ్యాను రెక్క తెగింది. పన్నెండు రెక్కల్లో ఒకటి. తెగిన రెక్క ఇనుప తొడుగును చీల్చుకుని బయటికొచ్చి, పక్కనే పైపు అతుకుతున్న వెల్డరు కుడిచేతి మీద పడింది. మోచేతి దాకా చెయ్యి తీసేశారు. ఫిట్టరును మర్నాడే పనిలోంచి పక్కనపెట్టారు. వచ్చే సోమవారం విచారణ. బోల్టులు సరిగా బిగించలేదని తేలితే ఫిట్టరు ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా పడుతుంది. ఆ ఫ్యానును గీసి, అందులో గాలి ఎలా పోతుందో లెక్క కట్టింది ఈమె పనిచేసే సంస్థ. ఆ లెక్క కట్టే పద్ధతి ఈమె చేతి పని.

ఆఫీసులో ఆమెకు 'మూడుగంటలమ్మ' అని పేరు. ఆ పేరెందుకు వచ్చిందో చెప్పాలి. తిరిగే యంత్రంలో గాలిని లెక్క కట్టడానికి పాత పద్ధతి ఒకటుంది. ఫ్యాను ఆగి ఉన్నప్పటి నుంచీ మొదలుపెట్టి, సెకనును వేల ముక్కలు చేసి, ఒక్కో ముక్కా దాటుకుంటూ గాలి వెనకాలే నడవాలి. మొదట్లో గాలి చిందరవందరగా ఉంటుంది. అరవై చుట్లు తిరిగితే గాని ఒక దారికి రాదు. ఆ అరవై చుట్లు తిరగడానికి ఫ్యానుకు నాలుగు సెకన్లు కూడా పట్టదు గాని, ఆఫీసులోని కంప్యూటర్లకు మూడు వారాలు పడుతుంది. నాలుగు సెకన్ల గాలి కోసం మూడు వారాలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమేమిటని ఆమెకు ఒళ్ళు మండింది. మంచి పనులన్నీ ఆమె కోపంలోనే మొదలుపెడుతుంది. ఎలాగూ చివరికి గాలి ఒకే వరసలో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఆ వరస ఎంతసేపటికి తిరిగొస్తుందో రెక్కల వేగాన్ని బట్టి ముందే తెలుసు. అలాంటప్పుడు ఆ దారంతా నడవడం ఎందుకు? ఒక రెక్క దాటి ఆ చోటికి ఇంకో రెక్క వచ్చేలోపు ఏడు క్షణాలు ఎంచుకుని, ఆ ఏడింటినీ దండలా గుచ్చి, చివరిదాన్ని మొదటిదానికి ముడివేసి, అన్నిటినీ ఒకేసారి తేల్చేస్తే చాలు కదా. అలా మూడు వారాల పని మూడు గంటలకు దిగింది. సంస్థ ఆ మూడు గంటలను అమ్ముకుని రెండంతస్తులు లేపింది. ఈమెకు ఓ కుర్చీ, ఓ పేరు మిగిలాయి.

రిపోర్టు పట్టుకుని డైరెక్టరు గదిలోకి తలుపు కొట్టకుండానే వెళ్ళింది.

"అశ్రద్ధ అని ఎవరు రాశారు సర్?"

డైరెక్టరు నిదానస్తుడు. ఎదుటివాళ్ళు అరిచేకొద్దీ ఆయన గొంతు తగ్గుతుంది. "కూర్చోండి. గాలి లెక్క సరిగ్గా ఉంది. ఉక్కు పరీక్షలో ఉక్కు బాగానే ఉందని వచ్చింది. మరి మిగిలింది బోల్టులే కదా."

"మిగిలింది కాబట్టి రాసేస్తారా? ఆ బోల్టులు చూసేది ఎవరో మీకు తెలుసా?"

"తెలుసు. అందుకే మీ మీద జాలిగా ఉంది. కానీ మీ లెక్క మీద మీకు నమ్మకం ఉందా, లేదా? అది చెప్పండి."

ఆమె దగ్గర ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు ఉండేది. "ఉంది" అంది పళ్ళు కొరుకుతూ.

"అయితే శుక్రవారం లోపు సంతకం పెట్టండి" అన్నాడాయన, కాగితాలు సర్దుకుంటూ.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని ఉంది. తాళం తీసే దాకా కూడా ఆగలేదు.

"ఏమే, మీవాళ్ళు మీ బావదే తప్పని రాశారటగా?"

"నేను రాయలేదక్కా. నేను సంతకం పెట్టలేదు."

"పెట్టవని నాకు తెలుసు. పెట్టకపోతే వేరేవాళ్ళు పెడతారు. ఆయన మూడు వారాల నుంచి గదిలోంచి బయటికి రావట్లేదు. నెలకోసారి బిగింపులన్నీ రెంచి పెట్టి తిప్పి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టేవాడు. ఆ పుస్తకం నేనే చూశాను. మొన్న వెల్డరు భార్య ఎదురుపడితే తలెత్తలేకపోయాడు. తప్పు చేసినవాడిలా బతుకుతున్నాడు మనిషి." అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ లెక్కలో ఏమన్నా తేడా ఉందేమో ఒకసారి చూడవే."

అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. "నా లెక్కలోనా? నలభై ఫ్యాన్లకు కట్టాను ఆ లెక్క. ఒక్కదానిలో వేలు పెట్టి చూపించమను ఎవర్నైనా."

"నన్ను అరిస్తే ఏం లాభం?" అంది అక్క. "ఆయన చెప్పినప్పుడే వింటే బాగుండేది."

"ఎప్పుడు చెప్పాడు?"

అక్క ఆమె ముఖంలోకి చూసింది. నిజంగానే గుర్తులేదని అర్థమయ్యాక లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం తిట్టడం కంటే ఎక్కువగా గుచ్చుకుంది.

గుర్తు రాకేం, అక్క వీధి మలుపు తిరిగే లోపే వచ్చింది. ఏడు నెలల కిందటి ఆదివారం, అక్క ఇంట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర. బావకు ఆమెను ఏడిపించకపోతే ముద్ద దిగదు. "మరదలా, మీ ఫ్యాను ఈ మధ్య పాటలు నేర్చుకుంది" అన్నాడు. ఏం పాటలంటే, లోపలికొచ్చే గాలిని తగ్గించే గాలి తలుపును సగం మూసినప్పుడల్లా రెక్కల మోత కింద ఇంకో మూలుగు వినిపిస్తోందట. అది రెక్కలతో కలిసి రాదట, కాస్త వెనకపడి వస్తుందట. తొడుగు మీద అరచెయ్యి ఆనిస్తే అది చుట్టూ తిరుగుతున్నట్టు తెలుస్తుందట. బల్ల మీద ఎడమచేతి వేళ్ళతో గబగబా రెక్కల దరువు వేస్తూ, కుడి అరచేతిని కంచం చుట్టూ నెమ్మదిగా తిప్పి చూపించాడు. తిప్పుతున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. అది ఆమె ఇప్పుడు గమనించింది.

ఆ రోజు ఆమె అన్న మాట: "బావా, ఆ ఫ్యానులో ఏం జరిగినా రెక్కల వేగంతోనే జరగాలి. వెనకపడి తిరిగేది ఏదీ అందులో లేదు. లెక్క కట్టింది నేను. నువ్వు ముందు చెవుల డాక్టరుకి చూపించుకో." అందరూ ఘొల్లున నవ్వారు. బావ కూడా నవ్వాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆఫీసులో ఉంది. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. బావ మాట నిజమేమో చూద్దామని ఆమె కూర్చోలేదు. తన లెక్కకు ఏ మచ్చా లేదని తేల్చి, నేరాన్ని ఉక్కు పరీక్ష చేసినవాళ్ళ మీదకో, రెక్కలు అతికినవాళ్ళ మీదకో తోసేసి, బావను బయటపడేద్దామని కూర్చుంది. ఎవరినో ఒకరిని కడిగేయాలని చేతులు దురద పెడుతున్నాయి.

గాలి తలుపు సగం మూసినప్పటి లెక్కను తీసి మళ్ళీ నడిపింది. మూడు గంటలయ్యాక తెర మీద ఎర్రర్ గీత నున్నగా కిందికి దిగింది. లెక్క ఎంత సరిగ్గా కుదురుకుందో చెప్పేది ఆ గీతే. అది ఎంత కిందికి దిగితే అంత నమ్మకం. చూడముచ్చటగా ఉంది. మరీ ముచ్చటగా ఉంది. సగం మూసిన తలుపు దగ్గర గాలి అన్ని రెక్కల మీదా చిరాకు పడుతుంది, ఇంత బుద్ధిగా ఉండకూడదు. ఆమెకు అనుమానం వచ్చింది. ప్రోగ్రాము తెరిచి ఒక్కో వరసా చదువుకుంటూ వెళ్ళింది.

నాలుగు వందల పన్నెండో వరసలో దొరికింది. డ్యాంపింగ్ అనే మీట. లెక్కలో ఎక్కడైనా కుదుపులు వస్తే వాటిని నొక్కి చదును చేసే మీట. ఎవరూ పెట్టమని చెప్పకపోయినా దానంతటదే పడి ఉంది. ఏ గాడిద పెట్టాడిదని పక్కనున్న నోటు చూసింది. మూడేళ్ళ కిందటి తేదీ. "రేపటి డెమో కోసం. గీత ఊగుతోంది. డెమో అయ్యాక తీసెయ్యాలి." కింద ఆమె పేరు.

మీట తీసేసి మళ్ళీ నడిపింది. గీత కొంత దూరం దిగింది. దిగి, అక్కడే పైకీ కిందికీ ఊగుతూ ఉండిపోయింది. మూడు గంటలు గడిచినా కుదురుకోలేదు.

మామూలు మనిషికి ఆ ఊగులాటలో ఏముందో తెలియదు. ఆమెకు తెలుసు. ఈ పద్ధతికి ముందే ఒక మాట చెప్పి లెక్కలోకి దింపుతారు: ఇక్కడ జరిగేదంతా రెక్కల వేగంతోనే తిరిగొస్తుంది, ఇంకేదీ లేదు. గాలిలో ఇంకో వేగంతో తిరిగేది ఏదైనా ఉంటే దానికి ఈ దండలో చోటు లేదు. చోటు లేనిది ఊరుకోదు, లెక్కను కుదురుకోనివ్వదు. గీత ఊగడం అంటే లెక్క చెడిపోవడం కాదు. నీకు తెలియనిది ఇక్కడ ఇంకొకటి ఉందని లెక్క మొత్తుకోవడం. ఈ విద్య నేర్చినవాళ్ళందరూ గీత ఊగితే ముందు తమ ప్రోగ్రామును అనుమానిస్తారు, గాలిని అనుమానించరు. ఆమె కూడా అంతే చేసింది. మొత్తుకుంటున్నదాని నోరు నొక్కి, మూడేళ్ళు దాన్నే సరైన జవాబని అమ్మింది.

పక్క బల్ల దగ్గర గడ్డం కూర్చుంటాడు. గడ్డం ఉంది కాబట్టి ఆ పేరు. రోజూ కొనేవాళ్ళ ఫ్యాన్లకు ఈ లెక్కలు నడిపేది అతనే.

"డ్యాంపింగ్ తీసేస్తే గీత ఊగుతుందని నీకు తెలుసా?"

గడ్డం నీళ్ళు నమిలాడు. "తెలుసండీ. ఒకటి రెండు ఫ్యాన్లకు తీసి చూశాను."

"చూసి?"

"చూసి... మళ్ళీ పెట్టేశాను."

"ఎందుకు పెట్టావ్? నోరు పడిపోయిందా? నాకు చెప్పాలని తెలియదా?"

అతను ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు కాదు. ఆ రోజు చెప్పాడు. "మీరు పెట్టిన మీట కదండీ. మీ లెక్కలో తప్పుందని మీ దగ్గరకొచ్చి చెప్పి బతికి బట్టకట్టినవాళ్ళు ఈ ఆఫీసులో ఎవరున్నారు?"

ఆమె అతని మీద పెన్ను విసిరేయబోయి ఆగింది.

ఇంకో రెక్క తెగకుండా నిజం తేలాలంటే ఒకటే దారి, ఆమె అసహ్యించుకున్న పాత దారి. పన్నెండు రెక్కలూ కలిపి, సెకను ముక్కలు దాటుకుంటూ గాలి వెనకాలే నడవాలి. విచారణకు ఆరు రోజులుంది. ఆఫీసులో నడుస్తున్న మిగతా పనులన్నీ ఆపేసి, ఉన్న మెషిన్లన్నిటినీ ఆ ఒక్క లెక్కకు కట్టేసింది. ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

గంట తిరక్కుండా డైరెక్టరు ఆమె బల్ల దగ్గరకే వచ్చాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది.

"ఏడుగురి పనులు ఆగిపోయాయి. మెషిన్లు వదలండి."

"వదలను."

"మనం జనానికి మూడు గంటలు అమ్ముతున్నాం. మూడు వారాలు కాదు. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు."

"మనం అమ్మింది మూడు గంటలు కాదు సర్. నోరు నొక్కిన జవాబు." తెర ఆయన వైపు తిప్పి నాలుగు వందల పన్నెండో వరస చూపించింది. "ఇదే మీటతో నలభై ఫ్యాన్లు తిరుగుతున్నాయి ఇప్పుడు."

ఆయన చదివాడు. నోటు చదివాడు, తేదీ చదివాడు, కింద పేరు చదివాడు. ఆయన మొహం పాలిపోవడం ఆమెకు కనిపించింది. ఆయన కూడా ఒకప్పుడు ఇంజనీరే. తేరుకుని, "సోమవారం దీన్ని చూపిస్తే మీ బావ బయటపడతాడు. మీరు మునుగుతారు. ఇది సంస్థ పొరపాటు కాదు, మీ చేతి పొరపాటని మేము చెప్పాల్సి వస్తుంది. నేనే చెబుతాను. అది తెలిసే చేస్తున్నారా?" అన్నాడు.

"చెప్పండి. అబద్ధం కాదుగా."

"ఆ కోపం తగ్గాక మాట్లాడదాం."

"తగ్గదు సర్" అంది. "మీ మీద కోపమైతే ఈపాటికి తగ్గేది."

ఆయన మెషిన్లు ఆపించలేదు. భయపడ్డాడో, సిగ్గుపడ్డాడో ఆమె అడగలేదు.

బుధవారం ఏమీ లేదు. గురువారం ఏమీ లేదు. పన్నెండు రెక్కలూ గాలిని బుద్ధిగా కోసుకుంటూ పోతున్నాయి, ఆమె గోళ్ళన్నీ కొరికేసుకుంది. గడ్డం అడగకుండానే టీ తెచ్చిపెట్టాడు. శుక్రవారం సంతకానికి గడువు దాటింది. ఆ మధ్యాహ్నం పదిహేడో చుట్టులో, ఫ్యాను లెక్కన సెకను దాటగానే, ఒక రెక్క మీద గాలి అంటుకోవడం మానేసి విడిపోయింది. దాన్ని చూసి వెనక రెక్క మీద విడిపోయింది. తరవాత దాని వెనకది. మొదటి రెక్క మీద గాలి మళ్ళీ అతుక్కుంది. ఆ విడిపోయిన ముద్ద ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకు చేతులు మారుతూ, తొడుగు లోపల రౌండు కొడుతోంది. రెక్కలకన్నా నెమ్మదిగా, కాస్త వెనకపడి.

ఆమె తెర ముందు ఎడమచేతి వేళ్ళతో బల్ల మీద దరువు వేసి, కుడి అరచేతిని చుట్టూ తిప్పి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. బావ కంచం చుట్టూ చూపించిన వేగం, మెషిన్లన్నీ మూడు రోజులు కష్టపడి చూపించిన వేగం ఒకటే. ఆ ముద్ద తగిలినప్పుడల్లా ప్రతి రెక్కా ఒక తోపు తింటోంది. ఆ తోపుల వేగం, ఆ రెక్క దానంతటది ఊగే వేగం దాదాపు ఒకటే. ఏడు నెలలు అలా తోస్తే ఏ ఉక్కైనా తెగుతుంది. బోల్టులు ఎంత బిగించినా తెగుతుంది.

ఆమెకు ఏడుపు రాలేదు. కుర్చీని ఒక్క తన్ను తన్నింది. అది వెళ్ళి గోడకు కొట్టుకుంది. ఆఫీసంతా తలలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

సోమవారం నాటికి ముప్పై ఒక్క చుట్లయ్యాయి, రెండు సెకన్లకు కాస్త తక్కువ. చాలు. విచారణ గాజు కార్ఖానాలోనే, కిటికీలకు దుమ్ము పట్టిన పొడవాటి గదిలో. ముందు వరసలో తనిఖీ అధికారిణి, ఆమెకు అటూ ఇటూ ఇద్దరు. ఒక పక్క డైరెక్టరు. వెనక బెంచీలో బావ, ఉతికి ఇస్త్రీ చేసిన పని చొక్కాలో. నాలుగు వారాల్లో ఆయన చెంపలు లోపలికి పోయాయి. ఆయనకు రెండు బెంచీల అవతల వెల్డరు భార్య.

మూడుగంటలమ్మ లేచి చూపించాల్సింది చూపించింది. మీట ఏం చేసిందో, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. నలభై ఫ్యాన్ల సంగతీ చెప్పింది. డైరెక్టరు అన్నమాట ప్రకారం లేచి, అది సంస్థకు తెలియకుండా జరిగిన వ్యక్తిగత పొరపాటన్నాడు. అంటున్నప్పుడు ఆమె వైపు చూడలేకపోయాడు.

తనిఖీ అధికారిణి అన్నీ రాసుకుంది. తరవాత బావను లేపింది.

"ఈ మూలుగు మీకు ముందే వినిపించిందా?"

"వినిపించిందండీ. ఏడెనిమిది నెలల నుంచి."

"మరి పుస్తకంలో ఎక్కడా రాయలేదే? బిగింపులన్నీ రాశారు, ఇది రాయలేదు. విని కూడా రాయకపోతే అది అశ్రద్ధ అవదా?"

"మా సూపర్‌వైజరుకి చెప్పానండీ. ఫ్యాను చేసినవాళ్ళని కనుక్కోమన్నారు. కనుక్కున్నాను. అలాంటిదేమీ ఉండదని గట్టిగా చెప్పారు. చేసినవాళ్ళే లేదన్నాక ఏమని రాయను? నా చెవులే పాడయ్యాయనుకున్నాను."

"ఎవరిని కనుక్కున్నారు?"

బావ నేల చూపులు చూశాడు. ఆ పేరు చెబితే ఆయన ఆ క్షణమే బయటపడతాడు, అది ఆయనకు తెలుసు. అయినా చెప్పట్లేదు.

అప్పుడు ఆమెకు అర్థమైంది. ఆ ఆదివారం తను బావతో సరసమాడానని అనుకుంది. బావ మాత్రం కార్ఖానా తరఫున, ఫ్యాను చేసిన సంస్థ ఇంజనీరును అడగడానికే ఆ మాట ఎత్తాడు. నవ్వుతూ అడగడం ఆయన తీరు. నవ్వుతూ తను ఇచ్చిన జవాబును ఆయన సంస్థ జవాబుగా తీసుకుని మర్నాడు పనికి పోయాడు.

"నన్నే" అంది లేచి. "నన్నే అడిగాడు. లేదన్నాను."

"ఏమైనా పరీక్షించి చెప్పారా?"

"లేదండీ. నవ్వాను."

తనిఖీ అధికారిణి ఆ మాటను కూడా రాసుకుంది. వెల్డరు భార్య తల తిప్పి ఆమెను చూసింది. ఆ చూపు చాలాసేపటి దాకా తిప్పుకోలేదు.

మధ్యాహ్నానికి ఫిట్టరు మీద అశ్రద్ధ మాట కొట్టేశారు. రేపటి నుంచి పనిలోకి రావచ్చన్నారు. వరండాలోకి రాగానే బావ ఎదురొస్తాడని, ఎప్పట్లాగే ఏదో ఒకటి అని ఏడిపిస్తాడని ఆమె ఎదురుచూసింది. బావ వచ్చాడు. ఏడిపించలేదు.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు" అన్నాడు. "పోయిన సోమవారం మీ అక్క వచ్చి వెళ్ళాక నేను చెప్పింది నీకు గుర్తొచ్చే ఉంటుంది. మర్నాడు పొద్దున లెక్క తీశావు. నా మాట నమ్మి తీశావా?"

అవునంటే సరిపోతుంది. ఆయన తేలిగ్గా నమ్మేస్తాడు కూడా.

"లేదు బావా. నా లెక్క తప్పు కాదని చూపిద్దామని తీశాను."

"మరి ఎప్పుడు నమ్మావు?"

"మెషిన్లు చూపించాక."

బావ తలాడించాడు. ఆయనకు కోపం రావడం ఈ పదిహేనేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు వచ్చింది.

"పద్దెనిమిదేళ్ళు చెయ్యి ఆనించి చూసినవాడి మాట నీకు మాట కాదు. అదే మాట మెషిన్లు చెబితే మాట. నన్ను వదిలెయ్. నాకు ఇంజనీరు మరదలు ఉంది కాబట్టి బయటపడ్డాను. ఇందాక లోపల నలభై అన్నావే, ఆ ప్రతి ఫ్యాను పక్కనా ఎవడో ఒకడు నిలబడి ఈ క్షణం కూడా అది వింటూనే ఉంటాడు. చెబుతూనే ఉంటాడు. వాడికి మరదలు లేదు. వాడి గతేంటి?"

జవాబు కోసం ఆగలేదు. వెల్డరు భార్య గేటు దాటుతుంటే వడివడిగా వెళ్ళి ఆమెతో పాటు నడిచాడు. ఇద్దరూ ఆసుపత్రి వైపు తిరిగారు.

మూడుగంటలమ్మ వరండా బెంచీ మీద కూలబడింది. తన మీద తనకు కోపం ముంచుకొచ్చింది. ఆ నలభై ఫ్యాన్లు కొన్నవాళ్ళ నంబర్ల పట్టికను సంస్థ ఆమె ఫోను నుంచి ఇంకా తీసెయ్యలేదు. నలభైలో మొదటి నంబరు నొక్కింది. అవతల ఎవరో మర్యాదగా ఎత్తి, డిజైను ఇంజనీరుకు కలపమంటారా అని అడిగారు.

"వద్దు. ఫ్యాను పక్కన డ్యూటీ చేసే మనిషి కావాలి."

"ఆపరేటరా? ఆయనకేం తెలుస్తుంది మేడమ్? ఏదైనా ఉంటే ఇంజనీరుగారికి చెప్పండి, మేము..."

"ఆయనకే తెలుసు!" వరండా అంతా వినపడేలా అరిచింది. "ఆయన్నే పిలవండి. వచ్చేదాకా నేను ఫోను పెట్టను."